మాజీ అయ్యే యోగం

దేశానికి మరో మాజీ అధినేత లభించారని తెలియజేయడానికి ప్రభుత్వం సంతోషించింది. ప్రజలు కూడా సంతోషించవలసిందిగా అదే ప్రకటనలో కోరింది. పోయిన వారం లభించినవారి గురించి సంతోషించడం మాకింకా పూర్తికాలేదు. అయినా సర్దుకున్నాం.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా దేశంలో అధినేత పదవి ఏమంత గొప్పది కాదు. పొద్దున్నే లేవాలి, పత్రికలవాళ్ళకు జవాబు చెప్పాలి, వరదలొస్తే విచారంగా కనిపించాలి. ఈ అవస్థలేవీ లేకుండా జీతాన్ని మించిన పెన్షన్, ఉండటానికి భవనం, తిరగడానికి కార్లు, కాపలావాళ్ళు, వంటవాళ్ళు, వాళ్ళందరి మీద అరవడానికి ఒక కార్యదర్శి, ఇవన్నీ బతికినంత కాలం దొరికేది మాజీకే. ఆయన తరవాత భార్యకు, ఆమె తరవాత పెళ్ళికాని సంతానానికి. అందుకని మాజీల ఇళ్ళలో పిల్లలు పెళ్ళి చేసుకోవడం ఏనాడో మానేశారు.

పాత రోజుల్లో అధినేతలు ఏళ్ళ తరబడి కుర్చీ పట్టుకుని వేలాడేవారు. ఇప్పుడున్న సంకీర్ణంలో అందరూ త్యాగమూర్తులే. వారానికొకరు కుర్చీ ఎక్కి, దేశం నాకిచ్చింది చాలు అని కళ్ళు తుడుచుకుని దిగిపోతున్నారు. ఇచ్చింది చాలన్నారే గాని, ఇక ఇవ్వొద్దని ఒక్కరూ అనలేదు. ఇంతమందికి ప్రమాణం చేయించడం కాలహరణమని ఆ తంతు కూడా తీసేశారు. అధికార కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చున్నవారు అధినేత, లేచినవారు మాజీ. మా చట్టాలన్నిటిలో అర్థమయ్యే వాక్యం ఇదొక్కటేనని న్యాయ సలహాదారు గర్వంగా చెప్పుకుంటారు.

కోటు మాత్రం ఒక్కటే. కొత్తది కుట్టించడం దుబారా అని పొదుపు సంఘం అడ్డుపడింది. కాబట్టి వచ్చేవారి పొట్టను బట్టి వారం వారం దాన్ని వదులు చెయ్యడమో బిగించడమో జరగాలి. ఆ పని చేసేది మా పెద్దమ్మ.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. అధికార భవనం వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్, గోడకు మేకులు, మేకులకు సగం కుట్టిన బట్టలు. వెనక గదిలో పొయ్యీ మంచమూ. ఆ కిటికీ వెలుతురులో తప్ప సూదిలో దారం ఎక్కదని ఆవిడ నమ్మకం. ఆ ఇల్లు పోతే చేతిలో పని పోయినట్టే, పని పోతే మనిషి పోయినట్టే.

మాజీల నివాసాలు అధికార భవనానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలని నియమం. వాళ్ళెవరూ నడవరు, అయినా నియమం నియమమే. పెద్ద వీధులన్నీ నిండిపోయాక గ్రంథాలయం ఒకరికి, ప్రసూతి ఆసుపత్రి మరొకరికి కేటాయించారు. పుట్టబోయేవారు రేపటి పన్నుదారులు గనక వారికి ఏ అసౌకర్యమూ కలగరాదని ఊరవతల డేరా వేయించారు. ఆ తరవాత మా సందు వంతు వచ్చింది. పెద్దమ్మ ఇల్లున్న చోట కొత్త మాజీగారి కుక్కలకు స్నానాల గది రావాలి, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు.

కబురు తెచ్చిన నివాసాల అధికారి చాలా మర్యాదస్తుడు. "అమ్మా, మీ ఇల్లు చరిత్రలో నిలిచిపోతుంది. ఎంతమందికుంటుంది ఈ అదృష్టం?" అన్నాడు.

"ఇల్లు చరిత్రలో నిలబడుతుంది సరే నాయనా, నేనెక్కడ నిలబడను?" అంది పెద్దమ్మ. ఆ విషయం తన శాఖ కిందికి రాదని ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పక్కింటి సైకిల్ బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. సైకిళ్ళు బాగుచేసుకుని బతికే మనిషి. పెద్దమ్మ ఇంటికీ అతని కొట్టుకీ మధ్య ఒకటే గోడ. మనం చెమటోడ్చి పన్నులు కడితే పని మానేసినవాళ్ళను మేపుతారా అని ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పోగుచేశాడు. అధికారి కచేరీ ముందు బైఠాయిస్తే పోలీసులు ఈడ్చిపారేశారు, మోచెయ్యి చీరుకుపోయింది. కట్టు కట్టించుకుంటూ, అక్క ఇల్లు పోతే నా ఇల్లు పోయినట్టే అన్నాడు. నాకు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ గొడవ నడుస్తుండగానే మళ్ళీ కోటు పని పడింది. దిగిపోయేవారిది భారీ విగ్రహం, ఎక్కబోయేవారు ఎండుపుల్ల. మొదటివారు కోటు విప్పి కుర్చీ మీద పడేసి తోటలో వీడ్కోలు ఫోటోకు వెళ్ళారు. రెండోవారు పక్క గదిలో తన భావి భవనానికి కిటికీ తెరలు ఎంచుకుంటున్నారు. హాల్లో ఏసీ హోరెత్తిపోతోంది. పెద్దమ్మవి అసలే నొప్పుల కీళ్ళు. కిటికీలోంచి వెలుతురు పడుతున్న చోటు ఆ కుర్చీ ఒక్కటే. ఆవిడ కోటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, అంచు ఒళ్ళోకి లాక్కుని కుట్టుకోసాగింది.

తలుపు తీసిన న్యాయ సలహాదారు గుండె పట్టుకున్నారు. ముందు అరెస్టు చేయిద్దామనుకున్నారు గాని, అధినేతను అరెస్టు చేసే అధికారం ఎవరికీ లేదు. చెల్లదని కొట్టిపారేద్దామా అంటే, ఇప్పటిదాకా మాజీలైనవారు మాత్రం కోటు తొడుక్కుని కూర్చోవడం తప్ప ఏం చేశారు? ఈవిడది చెల్లకపోతే ఎవరిదీ చెల్లదు. హుటాహుటిన మాజీలందరినీ పిలిపించారు. విషయం వినగానే వాళ్ళలో దేశభక్తి పొంగింది.

అందరిలోకీ సీనియర్ మాజీ లేచి గొంతు సవరించుకున్నారు. "ఈ మహనీయురాలి హయాంలో ఒక్క కుంభకోణం జరగలేదు. ఒక్క యుద్ధం రాలేదు. ఒక్క పైసా పన్ను పెరగలేదు. ఇలాంటి స్వర్ణయుగాన్ని దేశం మళ్ళీ చూడబోదు" అన్నారు. ఒక అధినేత గురించి ఆయన నిజం చెప్పడం అదే మొదటిసారి. స్వర్ణయుగం దారం కొరికి లేచి నిలబడింది, మాజీ అయింది.

మాజీ ఇంటిని ఇంకో మాజీ కుక్కల కోసం కూల్చరాదు గనక పెద్దమ్మ ఇల్లు నిలిచింది. సందంతా ఊపిరి పీల్చుకుంది. సైకిల్ బాబాయి ఆవిడను భుజానికెత్తుకున్నంత పని చేశాడు. తక్కినవన్నీ ఆవిడ వద్దంటుందని నేననుకున్నాను. వద్దనే అంది, మొదటి వారం. తరవాత ప్రభుత్వ వైద్యుడు ఇంటికొచ్చి మోకాళ్ళకు మందిచ్చాడు. ఎన్నో ఏళ్ళకు ఆవిడ కంటినిండా నిద్రపోయింది. వంటమనిషి వచ్చింది. కారు పట్టక సందు మొదట్లోనే ఆగిపోయింది. కోటు పని మాత్రం ఆవిడ మానలేదు. ఇప్పుడది గౌరవ సలహా కింద లెక్క, దానికి వేరే భత్యం.

ఒకరోజు ఆ మర్యాదస్తుడైన అధికారి మళ్ళీ వచ్చాడు. మాజీగారికి, అంటే పెద్దమ్మకు, ఇచ్చిన కాపలావాళ్ళు ఉండటానికి చోటు కావాలట, పక్కనున్న సైకిల్ కొట్టు సరిగ్గా సరిపోతుందట. అది బాబాయి కొట్టు కదా పెద్దమ్మా అన్నాను. ఆవిడ మిషన్ చక్రాన్ని చేత్తో ఆపింది.

"జన్మంతా వాళ్ళ పొట్టలకు కోటు వదులు చేస్తూనే ఉన్నానురా. నాకు మాత్రం జరగకూడదా? అయినా నేనడిగానా, వాళ్ళిస్తున్నారు" అంది.

ఇంతకు ముందున్న మాజీలందరూ పత్రికలకు చెప్పింది అచ్చంగా ఈ మాటే. నన్ను పెంచిన మనిషి నోటా అదే విన్నాను. ఇల్లు దక్కినందుకు సంతోషించాలో, మనిషి చెయ్యిదాటిపోయినందుకు ఏడవాలో తెలియలేదు.

సాయంత్రం సైకిల్ బాబాయి వచ్చాడు. మోచేతి గాయం ఇంకా పూర్తిగా మానలేదు. కాపలావాడు జేబులు తడిమి గాని లోపలికి వదల్లేదు. దుమ్మెత్తిపోస్తాడనుకున్నాను. పొయ్యాలనే కోరుకున్నాను.

"అక్కా, కొట్టు పోతే పోనీ" అన్నాడు మెల్లగా. "ఈసారి కోటు బిగించడానికి వెళ్ళేటప్పుడు నన్ను కూడా తీసుకుపో. దారం పట్టుకుంటాను. ఒక్క క్షణం కూర్చుని లేస్తాను, అంతే."

ఆ మాట తెల్లారేసరికి సందు దాటింది. ఇప్పుడు పెద్దమ్మ గుమ్మంలో మొదలైన వరుస అధికార భవనం చుట్టూ తిరిగి, ప్రసూతి డేరా దాకా పోయింది. పెన్షన్లు రద్దు చెయ్యాలన్న మా పాత కోరిక అప్రజాస్వామికమని తెలుసుకుని, ప్రతి పౌరుడికీ ఒకసారి కుర్చీ ఇవ్వాలని కోరుతున్నాం. ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. అందరూ మాజీలైపోతే పన్నులెవరు కడతారని వరుసలో ఉన్న బడిపంతులు ఒకాయన అడిగాడు. అంత అనుమానముంటే వరుస వదిలి పొమ్మన్నారు. ఆయన నోరు మూసుకున్నాడు గాని వరుస వదల్లేదు.

ఆయన వెనక నిలబడ్డది నేనే కాబట్టి ఇదంతా దగ్గరగా చూసి రాస్తున్నాను. మీరు దీన్ని తీరిగ్గా కూర్చుని చదువుతున్నారంటే వరుసలో లేరన్నమాట. చాలా సంతోషం. మా అందరి పెన్షనూ ఇక మీ కష్టం మీదే నడవాలి. వేళకు తినండి, ఆరోగ్యం జాగ్రత్త.