కప్పు గెలిచేదాకా మా నాన్న కీర్తిశేషులు

మా కఫ్ర్ రిహాన్ ఫుట్‌బాల్ జట్టు ఇక మీదట ఇష్టమొచ్చినట్టు ఓడిపోవడానికి వీల్లేదనీ, ఓటమి కూడా ఒక ప్రణాళిక ప్రకారమే జరగాలనీ యువజన శాఖ డైరెక్టర్ ఉస్తాద్ బహ్‌గత్ గారు ప్రకటించారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఓటమికి ప్రణాళిక వేయగల అధికారి మా నైలు డెల్టా ఊళ్లకి రావడం అదే మొదటిసారి.

ఆయన కైరోలో శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చారు. అక్కడ ఆటల మీద తీసిన ఒక సినిమా వేసి, దాని కథని బాతుని కోసినట్టు ముక్కలు చేసి చూపించారట. మొదటి అంకంలో జట్టు ఓడుతుంది. రెండో అంకంలో ఇంకా ఘోరంగా ఓడుతుంది. మూడో అంకంలో గెలుస్తుంది.

"కాబట్టి గెలుపు ఆట వల్ల రాదు, కథ నిర్మాణం వల్ల వస్తుంది," అన్నారు ఉస్తాద్ గారు.

మా జట్టు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మొదటి అంకంలోనే ఉంది. ఆయన సరైన ఊరినే ఎంచుకున్నారు.

ఈసారి కప్పు గెలవడం మాకు చాలా అవసరం. యువజన కేంద్రం మైదానాన్ని కాఫీ హోటలుకి ఇచ్చేస్తారని ఎప్పటి నుంచో చెప్పుకుంటున్నారు. పక్క ఊరు మీత్ నర్గిస్ మీద గెలిస్తే మైదానం మా ఊరి పేరు మీదే ఉంటుందని ఉస్తాద్ గారు మాటిచ్చారు. నాకైతే ఇంకాస్త అవసరం. గురువారం సాయంత్రం అబ్బాయిలు సంతకి పోతారు. ఆ కాసేపూ మైదానం అమ్మాయిలది. నేను గోలు కాస్తాను. ఇంట్లో ఉప్పు అడగడానికి కూడా సిగ్గుపడే పిల్ల అక్కడ ఎలా అరుస్తుందో మా అమ్మకి తెలియదు.

ఉస్తాద్ గారు పాత్రల పంపకంతో పని మొదలుపెట్టారు. ముందు గురువు. మా కోచ్ గాబిర్ మామ బజారులో తామియా వడలు వేయించి అమ్ముతాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు.

"గురువుకి గతంలో ఒక గాయం ఉండాలి," అన్నారు ఉస్తాద్ గారు. "నీ బాధ ఏంటి?"

"బాధేం లేదు ఉస్తాద్. షుగరుంది."

"షుగరు సరిపోతుంది. కాకపోతే అది కళ్లలో కనపడాలి."

ఆ రోజు నుంచి గాబిర్ మామ కళ్లలో షుగరు చూపిస్తూ తామియా వేశాడు. బేరం పడిపోయింది. దాంతో నిజంగానే బాధ కూడా వచ్చింది. ఉస్తాద్ గారి ముందుచూపు అలాంటిది.

హీరోగా మా అన్నయ్య రిజ్క్‌ని ఎన్నుకున్నారు. వాడికి పరుగు తప్ప ఏమీ రాదు. పరుగెత్తేటప్పుడు బంతి గుర్తుండదు.

"హీరో తండ్రి చనిపోయి ఉండాలి. ఈ అబ్బాయి తండ్రి ఎప్పుడు పోయాడు?"

"నేనేనండి తండ్రిని," అన్నాడు మా నాన్న మెత్వల్లి, వెనక వరసలోంచి లేచి.

ఉస్తాద్ గారు ఆయన్ని జాలిగా చూశారు. "నువ్వు ఇలా బతికుంటే మీ అబ్బాయి ఎవరి కోసం గెలుస్తాడయ్యా?"

నాన్న ఆలోచించాడు. "వాడు నేను చెప్పిన మాట ఏనాడూ వినలేదు. పోతే వింటాడంటారా?"

"తప్పకుండా. మూడో అంకం దాకా పోయినట్టు ఉండు, చాలు."

"గేదెకి మేత వేసుకోవచ్చా?"

"ఎవరూ చూడకుండా వేసుకో."

నాకు కూడా పాత్ర దొరికింది. హీరోని మౌనంగా, నమ్మకంగా చూసే చెల్లెలు. "నువ్వు ఏమీ మాట్లాడకూడదమ్మా, నిలబడి చూస్తే చాలు," అన్నారు. నేను తలూపాను. "అదీ! పుట్టుకతో వచ్చిన నటన," అన్నారు. మా అమ్మ మురిసిపోయింది.

పోటీ రోజు పొద్దున్నే ఉస్తాద్ గారు స్వయంగా మైకు పట్టుకున్నారు. "కీర్తిశేషులు మెత్వల్లి చివరి కోరిక ఈ కప్పు! ఆయన కొడుకు రిజ్క్ సాయంత్రం మైదానంలో..."

తర్వాత ఆయన ఎంత చక్కగా మాట్లాడినా ఎవరూ వినలేదు. మా ఊళ్లో మైకులో మనిషి పేరు ముందు ఆ మాట పడ్డాక మిగతాది వినే అలవాటు లేదు. ఇంటివాళ్లని అడగడమూ లేదు, ఆ సమయంలో వాళ్లని కదిలించకూడదు. షామియానా వాళ్లు షామియానా తెచ్చారు. కుర్చీల వాళ్లు కుర్చీలు దించారు. ఎవరో చావింట పోసే చక్కెర లేని కాఫీ మరిగించారు. ఊళ్లో అంత ఖాళీ జాగా మైదానం ఒక్కటే కాబట్టి షామియానా మైదానం మధ్యలో లేచింది.

నాన్న గేదెని తోలుకుని పొలం నుంచి వచ్చాడు. షామియానా చూసి, గేదెని కట్టేసి, చేతులు కడుక్కుని, అందరితో పాటు వెళ్లి కూర్చున్నాడు. పెద్దవాళ్లు తలలు దించుకున్నారు. ఆయనకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఎవరు పోయారు?" అని నాన్న నన్నడిగాడు.

"నువ్వే నాన్నా," అన్నాను మెల్లగా.

"ఎప్పుడు?"

"పొద్దున. మైకులో."

"అదేంటి, పోయినట్టు ఉంటే చాలన్నాడుగా!" నాన్న కాఫీ గుటక వేశాడు. "చేదుగా ఉందే. ఎంత చావైతే మాత్రం!"

గాబిర్ మామ పరుగెత్తుకొచ్చాడు. "ఉస్తాద్, మెత్వల్లి బతికే ఉన్నాడని చెప్పి షామియానా తీయిద్దామా?"

"వద్దు! రెండో అంకం చివర అన్నీ పోయినట్టు కనపడాలి. ఇప్పుడు మైదానం కూడా కనపడటం లేదు. ఇంతకన్నా ఏం కావాలి?"

అప్పుడే మీత్ నర్గిస్ జట్టు పుచ్చకాయల బండిలో దిగింది. వాళ్ల పెద్ద హాజీ సువేలం షామియానా చూడగానే కుర్రాళ్ల మీద కళ్లెర్రజేశాడు. "నిక్కర్లు కనపడకుండా పైన పొడుగు గలాబియాలు తొడుక్కోండ్రా, సిగ్గులేని వెధవల్లారా!" తర్వాత వరసలో అందరి చేతులూ పట్టుకుంటూ వచ్చి, చూపు సరిగా ఆనక, మా నాన్న చెయ్యి కూడా పట్టుకున్నాడు.

"ఆయన మిగిల్చిన ఆయుష్షు నీకు కలవాలి నాయనా."

"కలిసిందిలే హాజీ," అన్నాడు నాన్న.

హాజీ కళ్లు తుడుచుకుని ఉస్తాద్ గారి వైపు తిరిగాడు. "చావు జరిగిన చోట బంతి తన్నే జాతి కాదు మాది. కప్పు మీరే ఉంచుకోండి."

అలా మా ఊరు గెలిచింది. మా అన్నయ్య బంతిని తాకను కూడా తాకలేదు. ఎప్పటిలాగే.

ఉస్తాద్ గారు కుర్చీలో కూలబడి ఏడ్చారు. "మూడో అంకం! శిక్షణలో చెప్పినట్టే!" ఆయన అంత ఏడుస్తుంటే మా నాన్నే వీపు నిమిరాడు.

ఉస్తాద్ గారు మాట తప్పే మనిషి కాదు. మైదానం మా ఊరి పేరు మీదే ఉంది. పైగా మా నాన్న పేరు కూడా చేరింది. 'కీర్తిశేషులు మెత్వల్లి స్మారక కాఫీ హోటల్' ప్రారంభానికి గవర్నరు గారు వచ్చారు. గోడ మీద నాన్న ఫొటో, దాని మూలన నల్ల రిబ్బను. నాన్న సరిగ్గా దాని కిందే కూర్చుంటే సర్వరు వచ్చి, "కాస్త పక్కకి జరుగు బాబాయ్, ఇది ఆయన కుటుంబం కోసం ఉంచిన జాగా," అన్నాడు. నాన్న జరిగాడు.

"ఉస్తాద్, మరి పిల్లలు ఆడేదెక్కడ?" అని గాబిర్ మామ అడిగాడు.

"రెండో భాగం మొదలవ్వాలంటే హీరో మళ్లీ అన్నీ పోగొట్టుకోవాలి కదయ్యా," అన్నారు ఉస్తాద్ గారు ఓపిగ్గా. "నేనిప్పటికే పని మొదలుపెట్టాను."

ఆ రోజు గురువారం. గోలు స్తంభాలు తీయలేదు, వాటి మధ్య హుక్కాలు నింపే బల్ల వేశారు. హోటలు మగవాళ్లకే కాబట్టి నన్ను గేటు బయట నిలబెట్టారు, గవర్నరు గారికి కనపడేలా. నేను నిలబడి చూశాను.

ఉస్తాద్ గారు గవర్నరు గారికి నన్ను చూపించారు. "ఆ చూపులో నమ్మకం గమనించారా సార్? ఒక్క మాట కూడా నేర్పలేదు."

గవర్నరు గారు చప్పట్లు కొట్టారు.