తన్నుకో దండం

ఆ ఉదయం శాంతికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు జిల్లా నుంచి అధికారి వస్తాడు. ఎనిమిది మంది ఆడపిల్లలు నలభై నిమిషాల్లో ప్రపంచాన్ని తన్ని చూపిస్తారు. పదకొండింటికి అధికారి టిఫిను తిని సంతకం పెడతాడు. ఆ సంతకం పడితే భావనపాడు ఒడ్డునున్న మిషన్ బడిలో ఆత్మరక్షణ మాస్టారుగా అతనికి ఇంకో ఏడాది పని ఉంటుంది. పడకపోతే నడుముకు నల్ల బెల్టు ఉన్నా, నడుం వాల్చడం తప్ప వేరే పని ఉండదు.

ప్రదర్శన పేరు ‘దేశదేశాల పోరు విద్యలు’. ఒక్కో దేశం పేరు ఒక్కో పెద్ద కాగితం మీద రాసి, బడి ముందు ఇసుకలో పరిచి, గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టాడు. జపాను జూడో, పాటకు ఆడుతూ పోరాడే బ్రెజిల్ కాపొయిరా, బూట్లు తొడుక్కుని తన్నే ఫ్రాన్సు సవాత్, కేరళ కలరి, మన కర్రసాము. అన్నీ సిద్ధమే. కానిది ఒక్క కొరియా వారి టైక్వాండో. అందులో కాళ్లదే రాజ్యం. ఆ కాళ్లే శాంతికుమార్ కాలానికి అడ్డం పడ్డాయి.

కారణం ఉష. తొమ్మిదో తరగతి, సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్ల ఇంటి పిల్ల. కాలు మెరుపులా లేస్తుంది. అయితే ఆ కాలు ఎదుటి పిల్లకు తగిలిందో లేదో ఉష ఆగిపోతుంది. వంగి ఆ పిల్లను చేత్తో తాకి, చెయ్యి కళ్లకద్దుకుంటుంది. మనిషికి కాలు తగిలితే దండం పెట్టుకోవాలన్నది ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. ఆ వంగిన క్షణంలో ఎదుటి పిల్ల ఉష తల మీద తన్నుతుంది. తన్ని, తనూ దండం పెడుతుంది. రెండేళ్లుగా ఎన్ని దండనలు వేసినా ఈ దండాలు ఆగలేదు.

“ఉషా, ఇయ్యాల ఒక్కరోజు దండం పెట్టకు తల్లీ” అన్నాడు శాంతికుమార్.

“జూడోలో ముందూ వంగుతారు, అయిపోయాకా వంగుతారు కద సార్. నాను మద్దిలో వంగితే ఏటి తప్పు?”

“మధ్యలో వంగితే తన్ను తింటావు.”

“తింటే తింటాను. పాపం అంటదు కద.”

ఉష జోడీ గ్లోరీ, పాస్టరు గారి అమ్మాయి, గంభీరంగా తలూపింది. “మా ఇంట్లోనూ అంతే సార్. కాలు తగిల్తే మాయమ్మ ఊరుకోదు.”

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పెట్టాల్సిన దండాలన్నీ ఆట అయ్యాక ఒక్కసారే పెట్టుకోవచ్చు. ఉష సరేనంది గాని, ఆ సరేలో సారం లేదు.

అధికారి మోహనకృష్ణ పదింటికే వచ్చాడు. నవ్వని మనిషి. హెడ్‌మిస్ట్రెస్ లీలారాణి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. జపాను గడిచింది, బ్రెజిల్ గడిచింది, ఫ్రాన్సు కూడా బూట్లు ఊడకుండా గడిచింది. కొరియా మొదలైంది. ఉష తన్నిన తన్నుకు గ్లోరీ ఛాతీ కవచం తప్పెటలా మోగింది. ఉష చెయ్యి దండానికి ముందుకు సాగబోయింది. దాన్ని వీపు వెనక దాచుకుని రెండోసారి తన్నింది. మోహనకృష్ణ ముందుకు వంగి, కుర్చీలోంచి లేచి, బరి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. శాంతికుమార్‌కు ఊపిరి ఆడింది.

సరిగ్గా అప్పుడే ఉష మామ్మ గురమ్మ, చేపలు అమ్ముకుని ఖాళీ తట్టతో, మనవరాలి ఆట చూద్దామని వచ్చింది.

“ఏటే గుంటా, పాస్టరు గారి పిల్లని రెండుసార్లు తన్నీసి అలాగ నిలబడిపోనావేటి?”

“ఆటయ్యాక దండం ఎడతానే మామ్మా.”

“అప్పుడుదాకా పాపం ఆగుతాదేటి? ఎట్టు ముందు.”

గురమ్మ బరిలోకి నడిచి వచ్చింది. ఉష వంగింది. అప్పటికే గాలిలో ఉన్న గ్లోరీ కాలు వంగిన ఉష మీదుగా వెళ్లి గురమ్మ తట్టకు తగిలింది. తట్ట దొర్లింది, గురమ్మ చతికిలపడింది. గ్లోరీ ఆమె కాళ్ల మీద పడింది. గురమ్మను లేవదీయడానికి పరుగెత్తిన శాంతికుమార్ మడమ అధికారి బూటు మీద పడింది. అతను ఆలోచించలేదు. గిరుక్కున తిరిగి, వంగి, అధికారి మోకాలు తాకి కళ్లకద్దుకున్నాడు. మోహనకృష్ణ కంగారుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. బూటు కింద కాగితం చప్పుడైంది. చూసుకుంటే జపాను. అక్షరాలున్న కాగితం. ఆయనా వంగాడు.

కాసేపు ఆ ఇసుకలో నిటారుగా ఉన్నది లీలారాణి ఒక్కతే.

“ఇది ఏ దేశపు విద్యండీ?” అని లేస్తూ అడిగాడు మోహనకృష్ణ.

“మాదే సార్. ఈ తీరంలో తరతరాలుగా ఉన్నాది” అంది లీలారాణి, కన్ను ఆర్పకుండా.

అధికారి కలం తీశాడు. “పేరు?”

లీలారాణి శాంతికుమార్ వైపు చూసింది. ఒక్క పేరు చెబితే ఉద్యోగం నిలుస్తుంది. నోటిదాకా మూడు పేర్లు వచ్చాయి కూడా. ఉష అతని ముఖంలోకే చూస్తోంది.

“విద్య కాదు సార్, అలవాటు. రెండేళ్లనుంచి మాన్పించాలని చూస్తన్నాను. నా వల్ల కాలేదు” అన్నాడు.

లీలారాణి ప్రార్థనలో లాగ కళ్లు మూసుకుంది. మోహనకృష్ణ చాలాసేపు రాసుకుని, టిఫిను ముట్టకుండా వెళ్లిపోయాడు.

“నా వల్ల నీ ఉజ్జోగం పోనాదా బాబూ?” అంది గురమ్మ.

“పోతే పోనాది లేమ్మా. తట్ట తీసుకో.”

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. లీలారాణి కళ్లజోడు సర్దుకుని చదివింది. “ఈ బాలికలలో తన్నిన వెంటనే దండం పెట్టు అలవాటు లోతుగా నాటుకొని ఉన్నది. పోటీలకు ఇది ఆటంకము. మాస్టరు ఈ లోపమును దాచక ఒప్పుకొనెను. కావున సదరు అలవాటు పూర్తిగా పోవు వరకు ఇతనినే కొనసాగించవలెను.”

శాంతికుమార్ ఉత్తరం అడిగి తీసుకుని, తనూ రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఉష వరుసగా మూడు తన్నులు తన్ని, కొయ్యలా నిటారుగా నిలబడింది. మాస్టారి ఉద్యోగం తన వల్లే పోయిందని ఏడ్చి, వారం రోజులు ఒంటరిగా పడవ చెక్కను తన్ని సాధించిందట.

“మానీసినాను సార్” అంది గర్వంగా.

శాంతికుమార్ ముఖం పాలిపోయింది. ఆమెను పక్కకు పిలిచి, పెద్దలు నేర్పిన బుద్ధిని అంత తేలిగ్గా ఒగ్గేయకూడదని గట్టిగా మందలించాడు.