నాగయ్యకు పదికి రెండు

సోమవారం పదకొండు గంటల్లోగా ప్రాజెక్టు ఇచ్చేసి, ఇంటికెళ్లి తాతకు ఆ కబురు చెప్పాలన్నది దీపిక పథకం. సుల్తానాబాద్‌లో ఆమె డిగ్రీ రెండో ఏడాది. ప్రాజెక్టు ఊళ్లోని మొదటి ఉప్పుడు బియ్యం మిల్లు గురించి. యాభై ఏళ్ల కింద ఆ మిల్లు బాయిలర్‌కు మొదటిసారి నిప్పు పెట్టింది తాత నాగయ్యే. ఆయనకు మిగిలిన కోరిక ఒకటే: తన పేరు ఒక్కసారి పుస్తకంలో అచ్చుకావాలి. మంచి ప్రాజెక్టులను కాలేజీ ఏటా పుస్తకంగా వేస్తుంది గనుక అది గొంతెమ్మ కోరికేమీ కాదు.

చరిత్ర అధ్యాపకులు డాక్టర్ విద్యాధర్ గారికి నోటి మాట మీద నమ్మకం లేదు, తన నోటిది తప్ప. వెబ్‌సైట్ల మంచిచెడ్డలు తేల్చడానికి ఆయన పది ప్రశ్నల పత్రం తయారుచేశారు. రాసిందెవరు, చదువేమిటి, తేదీ ఉందా, మరో రెండు సైట్లు అదే మాట అంటున్నాయా, ఇలా. పత్రం మంచిదే. దాన్ని నింపే మనిషికే చదివే అలవాటు తప్పింది.

"తాత చెప్పిండంటే ఎట్ల నడుస్తదమ్మా? తాతకు ఆధార్ ఉంటది గని, చరిత్రకు ఆధారం కావాలె. వెబ్‌సైటు తీస్కరా" అన్నారు.

వెతికితే ఆ మిల్లు గురించి ఎక్కడా ముక్క లేదు. దీపిక తానే ఒక బ్లాగు తెరిచి, 'బాయిలర్ నేనే ముట్టించిన' అని తాత చెప్పింది చెప్పినట్టు రాసింది. ఆ కాలేజీలో పిల్లలు ఏం రాసినా నెత్తిన సారు పేరుండాలి. ఆ అలవాటు కొద్దీ పైన పెద్దక్షరాల్లో 'డాక్టర్ విద్యాధర్' అనీ, అట్టడుగున చిన్నక్షరాల్లో 'చెప్పినవారు: నాగయ్య' అనీ పెట్టింది.

సారు పైన తన పేరు చూసుకున్నారు. ఇక కిందికి చూడాల్సిన అవసరం కనబడలేదు. వంత పాడే మరో రెండు సైట్లు లేవని రెండు తగ్గించి, ఎనిమిది మార్కులు వేశారు. మిగతా రెండూ వారంలో వచ్చాయి. కరీంనగర్ వార్తల సైటొకటి ఆ బ్లాగును ఎత్తింది, మంచిర్యాల సైటొకటి దాన్నుంచి ఎత్తింది. ఈ ఎత్తిపోతల పథకంలో నాగయ్య పేరున్న అడుగు వరుస కాస్తా కాలవలో పోయింది. ఇప్పుడు ఆ రెండు సైట్ల ప్రకారం, యాభై ఏళ్ల కింద బాయిలర్ ముట్టించినవారు నలభై ఆరేళ్ల విద్యాధర్ గారు. ఆయన సైట్లు లెక్కపెట్టి, తెరవకుండానే పదికి పది చేశారు.

మిల్లు యజమాని వెంకటేశ్వర్‌రావు గారు స్వర్ణోత్సవంలో సారుకు సన్మానమని కబురు పంపారు. సారు అప్పుడు చదివారు. పరేషాన్ అయి ప్రిన్సిపాల్ సరళాదేవి గారి గదికి ఉరికారు.

"మేడం, నేనప్పటికి పుట్టనే లే."

"ఆ మాట ఏ సైట్ల ఉన్నది సార్?"

పది వేసింది మీ చెయ్యేనని ఆమె గుర్తుచేశారు. ఆ పది ప్రశ్నల పత్రం అప్పటికే జిల్లా కాలేజీలన్నిటికీ వెళ్లింది. తప్పని ఒప్పుకుంటే పత్రం పోతుంది, దాని వెనకాలే ప్రమోషన్ పోతుంది. సారు సత్యాన్నీ శాలువానూ తూచి చూసుకున్నారు. శాలువా బరువు తూగింది.

సన్మానం సంగతి తెలిసి, మర్నాడు దీపిక తాతను కాలేజీకి తీసుకొచ్చింది. నాగయ్య ముడతలు పడ్డ అరచేయి చాపాడు.

"గిది గా దినమే కాలింది సార్. తలుపు తీయంగనే మంట మీదికొచ్చింది."

సారు ఆ చేయి చూడలేదు, పత్రం తీశారు. చదువు? లేదు. తేదీ? ఆ యేడు వానలు ముందే పడ్డాయన్నాడు నాగయ్య. అదే మాట చెప్పే మరో ఇద్దరు? తోటి పనివాళ్లిద్దరూ ఎప్పుడో కాలం చేశారు. పేరుంది, ఊరుంది. పదికి రెండు.

"నాకు గూడ పరీక్ష వెట్టిండ్రా సార్? పాసయితినా?" అని అడిగాడు నాగయ్య.

సారు గడియారం చూసుకున్నారు. దీపిక ఇంటికెళ్లి బ్లాగు తీసేసింది. మిగతా రెండు సైట్లూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటూ నిక్షేపంగా ఉన్నాయి.

వేసవిలో పుస్తకం వచ్చింది. అట్ట మీద శాలువాలో సారు. అరవై మూడో పేజీలో నాగయ్య పేరు కూడా ఉంది, 'విద్యార్థులు నమ్మకూడని ఆధారాలు: ఒక ఉదాహరణ' అన్న శీర్షిక కింద. చదువు రాని నాగయ్య దీపిక చూపించిన చోట వేలు పెట్టి తడిమాడు.

"గిదేనా బిడ్డా, నా పేరు?"

"గదే తాతా" అంది దీపిక.

అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.