తడవని గుర్రానికి మొదటి బహుమతి

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదండీ, ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి అందులో దారులే తెలియనంత పెద్ద అడవిలో, నేరేడు అని ఒక పొట్టి గుర్రం ఉండేది. ఒళ్ళంతా నేరేడుపండు రంగు, అందుకని ఆ పేరు.

నేరేడు పని దారి చూపడం. వానాకాలంలో ఎర్రవాగు పొంగినప్పుడల్లా పల్లంలో ఉన్న జంతువులన్నిటినీ వెంటబెట్టుకుని, వాగు దాటించి, కొండ మీదికి చేర్చేది. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. పర్మినెంటు అయినవాళ్ళకి కొండ మీద రాతి కప్పు ఉన్న కొట్టం ఇస్తారు. ఆ కొట్టానికి తొమ్మిదేళ్ళుగా తాళం వేసి ఉంది, తాళంచెవి అడవి కమిటీ అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకయ్యగారి మెడలో ఉంది. నేరేడు మాత్రం పక్కనే చెట్టు కింద నిలబడి తడిసేది.

తడినేల మీద నిలబడీ నిలబడీ ఆమె గిట్టలు మెత్తబడ్డాయి. "ఈ ఏడాదైనా పొడినేల మీద నిలబడకపోతే, పై ఏడు నువ్వు నడవవు" అని కొంగ డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. నడవలేని గుర్రాన్ని అడవిలో ఎవరు చూస్తారు చెప్పండి? నేరేడుకి బిరుదులు అక్కర్లేదు, దండలు అక్కర్లేదు. ఆ కొట్టం కావాలి, అంతే.

సరిగ్గా అప్పుడే నోటీసు వచ్చింది. దారి చూపే ఉద్యోగాన్ని పర్మినెంటు చేయదలిచారట. అందుకోసం శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఎర్రవాగు మైదానంలో గుర్రాల దారి పోటీ. గుర్రం, రౌతు కలిసి రావలెను. ఎవరి గుడారం వారే తెచ్చుకోవలెను.

నేరేడు ఆఫీసుకి పరిగెత్తింది.

"అయ్యా, తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న పనికి నాకే పోటీ ఏమిటండీ?"

భల్లూకయ్యగారు తేనెపట్టు చప్పరిస్తూ, "చూడమ్మా, పని చేస్తున్నంత మాత్రాన పని వచ్చని ఎలా నమ్మేది? రూలు రూలే" అన్నారు.

పోనీలే, పోటీయే కదా అనుకుంది నేరేడు. కానీ రౌతేడీ? మంచి రౌతులందర్నీ పెద్ద గుర్రాలు ముందే మాట్లాడేసుకున్నాయి. చివరికి మిగిలింది ముళ్ళపంది సూరమ్మ ఒక్కతే.

"నా ముళ్ళు ఊరికే లేవవమ్మాయ్. భయపడితేనే లేస్తాయి" అంది సూరమ్మ.

"మీకు దేనికి భయం పిన్నీ?"

"నీళ్ళకి."

నేరేడు వీపు మీద నాలుగు గోనెసంచులు మడిచి వేసుకుని బయల్దేరింది.

శుక్రవారం సాయంత్రం మైదానంలో దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. సూరమ్మ టేకాకులతో గుడారం వేసింది. వేసినంతసేపు పట్టలేదు, కురవడానికి. బయట ఎంత వానో లోపలా అంతే వాన, కాకపోతే లోపల వాన టేకాకుల రంగులో ఎర్రగా ఉంది. గడ్డి మోపు నానిపోయింది. రెండు చెట్లకి అడ్డంగా కట్టిన తాడుకి గుర్రాలన్నీ వరసగా నిలబడి ముఖాలు వేలాడేశాయి.

పక్కనే తెల్ల గుర్రం జయకేతు. వయసులో ఉన్నవాడు, నిగనిగలాడుతున్నాడు. వాడి నెత్తిన టార్పాలిన్, కాళ్ళ కింద ఎండు ఊక. వాడి రౌతు పునుగుపిల్లి సుగంధరావు. ఈయన ఎప్పుడు ఏం పని చేశాడో ఎవరికీ గుర్తులేదు గానీ, ఏ మీటింగుకి వెళ్ళినా ముందు వరసలో ఉంటాడు. ఆయన పక్కన కూర్చుంటే చాలు, కమిటీవాళ్ళకి హాయిగా మగతగా ఉంటుంది, అడిగినదానికల్లా తల ఊపుతారు.

డాక్టరమ్మ రూల్స్ చదివింది.

"ఇది పరుగు పందెం కాదు. రేపు మూడు మజిలీలు చుట్టి రావాలి. ఇప్పదిబ్బ, ఎర్రవాగు రేవు, జారుడుబండ. ప్రతి చోటా మన కొండముచ్చులుంటాయి, చీటీ మీద ముద్ర వేయించుకోవాలి. తిరిగొచ్చాక గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తాను. నిమిషానికి నలభై అయితే నూటికి నూరు. ఎక్కువైతే కోత. ఒంటి మీద బురదుంటే కోత. గాటుంటే కోత. గుర్రం ఎంత కులాసాగా ఉంటే అంత గొప్ప."

అది విని సుగంధరావు నములుతున్న పండు మింగేసి, మీసాలు దువ్వుకున్నాడు.

శనివారం పొద్దున్నే వాన దంచడం మొదలుపెట్టింది. నేరేడు, సూరమ్మ బయల్దేరారు. ఇప్పదిబ్బ ఎక్కి చూస్తే పురుగు లేదు.

"ఏమండోయ్ కొండముచ్చుగారూ! ముద్రండీ!" అని సూరమ్మ నాలుగు దిక్కులకీ తిరిగి అరిచింది. ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి, చేసేదిలేక ముందుకి సాగారు.

రేవు దగ్గర కొండముచ్చు సంగతి అటుంచండి, రేవే లేదు. గట్టు విరిగి వాగులో కలిసిపోయింది. ఏటా అందర్నీ దాటించే చోటది.

"వెనక్కి పోదామమ్మాయ్" అంది సూరమ్మ.

"పోతే రేపు వాగు పొంగినప్పుడు అందర్నీ ఎటు తీసుకెళ్ళను పిన్నీ? ఇంకో దారి చూడాల్సిందే."

పోటీ సంగతి మర్చిపోయి గట్టు వెంట పైకి నడిచింది. ప్రతి రాయినీ గిట్టతో తట్టి చూసింది. చివరికి మూడు మద్దిచెట్ల దగ్గర నీళ్ళ అడుగున వెడల్పాటి రాతిపలక తగిలింది. మోకాలి లోతే. మెల్లగా దిగింది.

"అబ్బా! పిన్నీ!"

"అయ్యో, అయ్యో! నీళ్ళకేసి చూశానే తల్లీ."

"నీళ్ళకేసి చూడకండి, నా చెవులకేసి చూడండి!"

పాపం సూరమ్మ ఆ చెవులకేసి చూస్తూ, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ అవతలి గట్టుకి చేరింది. గోనెసంచులు దాటి పదమూడు ముళ్ళు దిగాయి. జారుడుబండ దగ్గరా ఎవరూ లేరు. అయినా చుట్టాల్సినదంతా చుట్టి, మధ్యాహ్నానికి మైదానానికి వచ్చారు. నేరేడు చెవుల దాకా బురద, వీపంతా గాట్లు.

వచ్చి చూస్తే కొండముచ్చులు మూడూ కమిటీ గుడారంలో వేడివేడి గెనుసుగడ్డలు తింటున్నాయి. వానకి ముద్రలు చెరిగిపోతాయని పొద్దున్నే చక్కా వచ్చేశాయట. ముద్రల వేళ దాటిపోయిందని నేరేడు చీటీ మాత్రం ముట్టుకోలేదు.

"అక్కా, బయట బాగుందా? వాగు నిండుగా ఉందా?" అని జయకేతు ఆశగా అడిగాడు. వాడి ఒంటి మీద చుక్క నీరు లేదు.

"నువ్వు వెళ్ళలేదా?"

"వెళ్తానన్నాను. ముద్రలే ఇక్కడికొచ్చాక మనం అక్కడికెందుకురా అన్నారు మా రావుగారు."

ఈలోగా డాక్టరమ్మ జయకేతు ఛాతీకి చెవి ఆనించి విని పరవశించిపోయింది. "నలభై! ఠంచనుగా నలభై! ఒక్క గాటు లేదు, బురద లేదు. మూడు ముద్రలూ ఉన్నాయి. ఇంత వానలో వెళ్ళొచ్చి ఇంత కులాసాగా ఉన్న గుర్రాన్ని నా సర్వీసులో చూడలేదు!"

తర్వాత నేరేడు వంతు.

"అరవై నాలుగు. ఇదేం గుండె? బురదకి పది కోత. గాట్లు పదమూడు. ముద్రలేవీ?"

"అక్కడ ఎవరూ లేరండీ."

"ముద్ర లేదంటే నువ్వు వెళ్ళలేదన్నట్టు."

"వెళ్ళకపోతే ఇంత బురద ఎక్కడిదండీ?"

"అది శుభ్రత కాలమ్‌లో రాశాను. వెళ్ళినట్టు రాయడానికి బురద పనికిరాదు."

"మరి గుండె అంత ఎందుకు కొట్టుకుంటోంది?" అని సూరమ్మ గయ్యిమంది.

"వెళ్ళకుండా వెళ్ళామని చెబుతున్నారు కదా, ఆ భయానికి" అన్నాడు వెనకనుంచి సుగంధరావు.

నేరేడు కోపం దిగమింగి, "మార్కుల సంగతి మీ ఇష్టం. రేవు మాత్రం విరిగిపోయిందండీ. మద్దిచెట్ల దగ్గర..." అని చెప్పబోయింది.

"దానికి కాలమ్ లేదు" అంది డాక్టరమ్మ.

ఆదివారం పొద్దున్న ఫలితాలు చదివారు. జయకేతు మొదటి బహుమతి, నేటి నుంచి పర్మినెంటు దారి చూపే గుర్రం. నేరేడు అనర్హురాలు, టెంపరరీ కూడా రద్దు. అందరూ చప్పట్లు కొట్టారు. నేరేడుకి ఒళ్ళు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. నానిన గిట్టల్లోంచి నొప్పి మోకాలి దాకా పాకుతోంది. వాన తడి కదా, కళ్ళ తడి ఎవరికీ కనిపించలేదు, సూరమ్మకి తప్ప.

"ఊరుకో తల్లీ. వీళ్ళ ముఖాలు మండా" అంటూ ఆవిడ గడ్డిపరకతో గాట్లకి పసరు రాస్తూ కూర్చుంది.

చప్పట్లు ఆగాయి గానీ ఏదో చప్పుడు ఆగలేదు. అందరూ అటు తిరిగి చూస్తే ఎర్రవాగు మైదానంలోకి వస్తోంది. వాగు పక్కనే పల్లంలో గుడారాలు వేయించిన ఘనత కమిటీదే, నీళ్ళు దగ్గరని.

"కంగారు పడకండి! మనకి పర్మినెంటు ఉద్యోగి ఉన్నాడు. జయకేతూ, పద, కొండకి దారి చూపించు!" అన్నారు భల్లూకయ్యగారు.

సుగంధరావు ముఖంలో రంగులు మారాయి. ఈ ఉద్యోగంలో పని కూడా ఉంటుందని ఆయన అనుకోలేదు. కొట్టం ఒక్కటే ఉంటుందనుకున్నాడు.

"రావుగారూ, ఎటు?" అన్నాడు జయకేతు చెవిలో చెప్పినట్టు.

"తెలిసినట్టు నడవరా. తల ఎత్తుకుని నడు."

తెల్ల గుర్రం తల ఎత్తుకుని నడిచింది. వెనక భల్లూకయ్యగారు, ఆ వెనక కమిటీ, ఆ వెనక అడవి అంతా. "అయ్యా, అటు రేవు లేదండీ, విరిగిపోయింది!" అని నేరేడు అరిచింది.

"అనర్హులు దారి గురించి మాట్లాడరాదు" అన్నారు భల్లూకయ్యగారు వెనక్కి తిరక్కుండానే.

నేరేడు ఒక్క క్షణం నిలబడి చూసింది. తర్వాత సూరమ్మని ఎక్కించుకుని మద్దిచెట్ల వైపు తిరిగింది. వరసలో చివరనున్న కుందేలు అటు చూసింది, ఇటు చూసింది, చప్పుడు చేయకుండా నేరేడు వెనక చేరింది. కుందేలుని చూసి దుప్పి, దుప్పిని చూసి అడవిపంది, దాన్ని చూసి కొండముచ్చులు మూడూ. ఆఖరికి కమిటీవాళ్ళు కూడా ఏదో పనున్నట్టు అటే నడిచారు. నేరేడు రాతిపలక మీద నిలబడి ఒక్కొక్కర్నీ దాటించింది.

ముందున్న ముగ్గురూ విరిగిన గట్టు దాకా వెళ్ళి ఆగారు. నీళ్ళు భల్లూకయ్యగారి పొట్ట దాకా వచ్చాయి. "ఇక అందరూ నా వెనకే..." అంటూ ఆయన తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. అవతలి గట్టు మీద అడవంతా నిలబడి వీళ్ళకేసి చూస్తోంది. జయకేతు గుండె కొట్టుకునే చప్పుడు ఆయనకి డాక్టరమ్మ లేకుండానే వినిపించింది.

నేరేడు మళ్ళీ వాగు దిగి, గట్టు వెంట వచ్చి, ముగ్గుర్నీ తీసుకెళ్ళింది. సుగంధరావు సిగ్గు లేకుండా సూరమ్మ పక్కన ఎక్కి కూర్చున్నాడు. నీళ్ళలో దిగగానే వచ్చిన కేక మాత్రం ఆయనదే.

కొండ మీదికి చేరగానే భల్లూకయ్యగారు తాళం తీశారు. కమిటీ అంతా కొట్టంలో దూరి మీటింగు పెట్టింది. నేరేడు బయట వానలో నిలబడింది, ఎప్పటిలాగే.

"ఈ ఉద్యోగం మా జయకేతు ఆరోగ్యానికి పడదు. రాజీనామా" అన్నాడు సుగంధరావు మొదటే.

కమిటీ గంటసేపు తల బద్దలు కొట్టుకుని, గడప దగ్గరకొచ్చి తీర్మానం చదివింది. "నేరేడు సేవలను మెచ్చుకుంటూ, పోటీలో మార్కులు రానందున, ఆమెను ఇన్‌చార్జిగా నియమించడమైనది."

"కొట్టమో?" అంది నేరేడు.

"ఇన్‌చార్జికి కొట్టం ఉండదమ్మా. రూలు."

తొమ్మిదేళ్ళుగా ఈ మాటకి తల ఊపి వెళ్ళిపోయిన గుర్రమది. ఈసారి కదల్లేదు. "సరేనండీ. నాకు ఇన్‌చార్జీ వద్దు, ఏమీ వద్దు. వాన తగ్గాక మీరు కిందికి వెళ్ళండి. నేనిక్కడే చెట్టు కింద ఉంటాను. గిట్టలు నొప్పిగా ఉన్నాయి, ఎక్కడికీ రాలేను."

భల్లూకయ్యగారు కిందికి చూశారు. వాగు మైదానాన్ని మింగేసి నురగలు కక్కుతోంది. తేనె అంతా ఆ అవతలే ఉంది. దారి తెలిసినవాళ్ళెవరని చుట్టూ చూశారు. అడవంతా నేరేడు వైపే చూస్తోంది.

మార్కుల కాగితం వెనక్కి తిప్పి, అక్కడే, నిలబడే పర్మినెంటు ఉత్తర్వు రాశారు. సూరమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. కింద సాక్షి సంతకం సుగంధరావు చేసి, ఈ అమ్మాయికి ఉద్యోగం తన చలవ వల్లే వచ్చిందని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు.

కమిటీ వానలోకి వచ్చింది, నేరేడు కొట్టంలోకి వెళ్ళింది. నాలుగు గిట్టలూ పొడి రాతినేల మీద ఆన్చి, కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అంది. గడప అవతల జయకేతు నిలబడి, "అక్కా, వాన తగ్గాక నాకూ ఆ రాతిపలక చూపిస్తావా?" అని అడిగాడు. "ముందు లోపలికి రారా, తడుస్తున్నావు" అంది నేరేడు.

నీతి: పని తెలిసినవాళ్ళకి ఉద్యోగం రావాలంటే అర్హత ఒక్కటే చాలదు, అధ్యక్షుడి పొట్ట దాకా నీళ్ళు కూడా రావాలి.