తొడ లేని నర్సింగ్ స్కూలు

మనిషి శరీరంలో అక్కర్లేని భాగం ఏదండీ? అపెండిక్స్ అంటారు మీరు. తప్పు! తొడ.

ఈ సంగతి కనిపెట్టిన మహానుభావుడు దేవరాజు గారు. ఏలూరులో ప్రైవేటు నర్సింగ్ స్కూలుకి కరస్పాండెంటు. రెండు వేల ఆరులో స్కూలుకి నిలువెత్తు మనిషి ఛార్టు వచ్చింది. కండరాలు ఎర్రగా, నరాలు పసుపుపచ్చగా ఉన్నాయి. "ఆడపిల్లలు చదివే చోట ఇదేం సిగ్గుమాలిన బొమ్మండీ!" అంటూ ఆయన నడుము నుంచి మోకాలి దాకా బ్రౌన్ పేపరు అంటించేశారు.

ఎంత మేలు చేశారో చూడండి! తొడ ముందు నాలుగు కండరాలు, వెనక మూడు, ఆ వెనకవాటి మధ్య చిటికెన వేలంత నరం. పేర్లు పలకడానికే నోరు తిరగదు. ఆ చదువంతా ఒక్క కాగితంతో తప్పిపోయింది! నడుము దగ్గర కాగితం కిందికి దూరిన నరం మోకాలి దగ్గర బయటికొచ్చేది. మధ్యలో ఎక్కడ తిరిగిందని అడగడం మర్యాదేనా?

కలిదిండి నుంచి వచ్చి చదువుకుంటున్న దీవెనకి ఆ మర్యాద ఒంటబట్టలేదు. "తొడకి ఇంజెక్షనంటే ఎక్కడ చెయ్యాలి మేడమ్?" అని అడిగేసింది.

"దుప్పటి కప్పి అంచనాగా చెయ్యాలమ్మా" అన్నారు పాఠం చెప్పే మేడమ్.

కైకలూరు చెరువుల్లో వల లాగే నాంచారమ్మ జ్వరంతో స్కూలు ఆసుపత్రికి వచ్చింది. దీవెన అంచనాగా తొడ వెనక పొడిచింది. జ్వరం తగ్గింది, పాదం వాలిపోయింది. "ఈ కాలు నాది కాదన్నట్టుందమ్మా" అంది నాంచారమ్మ. దీవెనకి ఏడుపాగలేదు. ఇంకొకరి కాలు తీసే కంటే చదువు మానేయడం నయమనుకుంది.

ఆమె మానేసేలోపే, నెల తిరక్కుండా దేవరాజు గారికే జ్వరం వచ్చింది. డ్యూటీ దీవెనది. దుప్పటి కప్పి, సూది ఎత్తింది.

"ఎక్కడ పొడుస్తున్నావమ్మా!"

"అంచనాగానండీ. నరం ఎక్కడుందో నాకు తెలీదు కదండీ."

దేవరాజు గారు దుప్పటి తన్నేసి లేచారు. లుంగీ ఎగ్గట్టి, సొంత తొడ మీద వేలితో గీత గీశారు. "బయటి వైపు, నడిమధ్యన, ఇదిగో ఇక్కడ! వెనక నరం ఉంటుంది, కాలు పోతుంది!"

అబ్బ, ఎంత విజ్ఞానం! దీవెన సూది పక్కన పెట్టి తలుపు తీసింది. "రండే అందరూ! సారు తొడ పాఠం చెబుతున్నారు!"

నలభై మంది నోట్సులతో పరిగెత్తుకొచ్చారు.

కాబట్టి, మీ ఊళ్ళో ఎవరైనా నర్సింగ్ స్కూలు పెడుతుంటే, మొదటి వారంలోనే ఆ పెద్దమనిషికి జ్వరం రావాలని ప్రార్థించండి. ఇక్కడ ఒక్క నెల ఆలస్యమైంది. నాంచారమ్మ గట్టు మీద కూర్చుని, మిగతావాళ్ళు లాగే వల చూస్తోంది.