గుండు మీద కన్నేసి ఉంచండి

ఆ ఆదివారం ఉదయం లెక్కల టీచరమ్మ ఒక్కటే నిర్ణయం తీసుకుంది: ఈ రోజు ఎవరినీ అనుమానించకూడదు.

ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, పరీక్ష హాళ్లలో కాపలా కాసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. చొక్కా చేతి మడతలో, జామెట్రీ బాక్సు అడుగున, చివరికి కాలికి కట్టిన కట్టులో కూడా చీటీలు పట్టుకున్న కళ్లు అవి. రిటైరయ్యాక ఆ కళ్లకు ఇంట్లో పని దొరికింది. పాల ప్యాకెట్టు కారితే పాలవాడి మీద అనుమానం. ఫోను ఒకసారి మోగి ఆగిపోతే కొడుకు మీద అనుమానం. కోడలు నవ్వితే ఎందుకు నవ్విందా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని అనుమానం. ఆ బాధ పడలేకే కోడలు పేపర్లో రైల్వే మ్యూజియం ప్రకటన చూసి, అత్తగారి పేరు మీద వాలంటీరుగా తానే దరఖాస్తు పెట్టేసింది.

మూడు నెలలు గడిచాయి. మ్యూజియంలో సందర్శకులు అభిప్రాయాలు రాసే పుస్తకం నిండిపోయింది. "ఇంజన్లు బాగున్నాయి. కళ్లజోడు మేడం మా సంచుల్లోకి తొంగి చూడకపోతే ఇంకా బాగుండేది" అని ఒకరు. "నేను ఏమీ తియ్యలేదు" అని ఇంకొకరు, అంతే రాసి సంతకం పెట్టి వెళ్లారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే బ్యాడ్జి వెనక్కి తీసుకుంటానని మ్యూజియం ఆఫీసరు తేల్చి చెప్పాడు. ఆ మాటకి టీచరమ్మ కన్నా కోడలు ఎక్కువ బెంగపెట్టుకుంది.

"ఒక్కసారి నవ్వండత్తయ్యా," అంది ఆ ఉదయం అత్తగారిని అద్దం ముందు నిలబెట్టి.

టీచరమ్మ నవ్వింది.

"అది కాదు. అది చీటీ దొరికినప్పటి నవ్వు. మనసారా నవ్వండి."

"మనసారా నవ్వాలంటే ఏదో ఒకటి జరగాలి కదే!"

"ఏం జరక్కపోయినా నవ్వాలి. వచ్చినవాళ్లని పలకరించాలి, మాట్లాడించాలి. సాయంత్రం దాకా అక్కడే ఉండండి, తొందరేం లేదు."

తొందరేం లేదని ఎందుకంటోందో అని మెట్లు దిగుతూ టీచరమ్మకి ఒక ఆలోచన వచ్చింది గానీ, నిర్ణయం గుర్తొచ్చి దాన్ని అక్కడే వదిలేసింది.

మ్యూజియం ఒకప్పటి ఇంజన్ల షెడ్డు. లోపల రెండు ఆవిరి ఇంజన్లు, ఒక పాత రైలుపెట్టె, ఆ చివర పాత స్టేషన్ మాస్టరు గది. ఆ గదిలో ఒక ఎర్ర యంత్రం, పక్కన గాజుపెట్టెలో పెద్ద బత్తాయంత ఇనుప గుండు. ఒంటి లైను మీద రెండు బళ్లు ఎదురుపడకుండా ఉండడానికి వెనకటి రోజుల్లో ఆ యంత్రంలోంచి ఇలాంటి గుండు తీసి డ్రైవరుకి ఇచ్చేవారు. గుండు చేతికొస్తేనే బండి కదలాలి. అవతలి స్టేషన్లో దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలి. అక్కడి మాస్టరు దాన్ని తన యంత్రం నోట్లో వేస్తే తప్ప ఇంకో గుండు బయటికి రాదు, ఇంకో బండి కదలదు. డెబ్బై ఎనిమిదేళ్ల డ్రైవరు పెద్దాయన, ఆయన కూడా వాలంటీరే, రోజూ ఆ గుండుని ఎత్తి చూపించి కథలు చెప్పేవాడు.

పదిన్నరకి ఒక మనిషి వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి, అందులో ఏదో గుండ్రటిది కిందికి సాగి ఉంది. గత రెండు ఆదివారాలూ ఇదే సంచితో వచ్చాడని టీచరమ్మకి తెలుసు. ఇంజన్ల వంక చూడడు, ఎవరైనా చూస్తున్నారా అని మాత్రం చూస్తాడు. అయినా ఆవిడ మనసు చిక్కబట్టుకుని ఎదురెళ్లింది.

"నమస్కారం! మా మ్యూజియం చూడ్డానికి వచ్చారా?" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"సంచిలో ఏముందండీ?" అనేసి టీచరమ్మ నాలుక కరుచుకుంది. "అంటే, బరువేమో, కౌంటర్లో పెట్టుకోవచ్చని."

"గుమ్మడికాయండీ."

"మ్యూజియానికి గుమ్మడికాయ తెచ్చారా?"

"ఇంటికండీ. దారిలో కొన్నాను," అంటూ ఆయన భుజం మీద సంచి సర్దుకున్నాడు. సంచి వెళ్లి ఇనుప కమ్మీకి తగిలి టంగుమంది.

ఇద్దరూ సంచి వంక చూశారు.

"బాగా ముదిరిందండీ," అన్నాడాయన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత టీచరమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. కానీ గుమ్మడికాయ పేరు తానే ఎత్తి మరీ భుజం తడుముకున్నవాణ్ణి ఆవిడ ఇదే చూడడం. ఉదయపు నిర్ణయం అక్కడితో సరి.

ఆమె ఆయన్ని వదల్లేదు. పలకరించడం, మాట్లాడించడం కోడలు చెప్పిన పనే కదా! మొదటి ఇంజను దగ్గర బొగ్గు గురించి పావుగంట చెప్పింది. రెండో ఇంజను దగ్గర చక్రం చూపించి, "దీని వ్యాసం అయిదడుగులు. ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుంది?" అని అడిగింది.

"పదహారడుగులకి కాస్త తక్కువండీ," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "స్టేషన్ మాస్టరు గది ఎటు?"

జవాబు కరెక్టే. అందుకే ఇంకా అనుమానమొచ్చింది. ఇంత గబుక్కున లెక్క కట్టేవాడు ఇంకేం లెక్కలు వేసుకొచ్చాడో! తప్పుదారి పట్టిద్దామని రైలుపెట్టె వైపు చెయ్యి చూపించి, తల తిప్పేలోగా మనిషి మాయం.

టీచరమ్మ పరుగున డ్రైవరు పెద్దాయన దగ్గరికి వెళ్లింది. "డ్రైవరు గారూ, గుండు జాగ్రత్త! గుండు మీద కన్నేసి ఉంచండి, నేను రైలుపెట్టెలో వెతికొస్తా," అని చెవిలో ఊది, అదే ఊపున వెళ్లిపోయింది.

డ్రైవరు పెద్దాయన తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక మొగుడూ పెళ్లాం ఇంజను చూస్తున్నారు. మొగుడికి నున్నటి గుండు, దీపం వెలుగుకి నిగనిగలాడుతోంది. పెద్దాయన ముప్పై ఏళ్లు సిగ్నళ్లు చూసి బతికిన మనిషి. ఒకటి చూడమంటే అదే చూస్తాడు. ఆ గుండు ఎటు కదిలితే అటు కదిలాడు, ఆగితే ఆగాడు.

"ఏంటి పెద్దాయనా, ఇందాకట్నుంచి నా వెనకే తిరుగుతున్నారు?" అన్నాడు గుండాయన.

"ఏం లేదు బాబూ. మీరు బళ్లు చూసుకోండి. నేను మిమ్మల్ని చూసుకుంటా."

"ఏం చేశారండీ?" అని పెళ్లాం మొగుణ్ణి నిలదీసింది.

"నేనేం చేశానే?"

"ఏమీ చెయ్యకపోతే ఆయన ఎందుకు చూస్తాడు? ఇంతకుముందు ఇక్కడికెప్పుడైనా వచ్చారా? ఎవరితో?"

గుండాయన నేరుగా ఆఫీసరు గదికి వెళ్లి, ఒక ముసలాయన తన తలకేసి అదేపనిగా చూస్తున్నాడని ఫిర్యాదు చేశాడు. ఆఫీసరు క్షమాపణ చెప్పబోతుండగా టీచరమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"సార్, గుండు పోయేలా ఉంది! గేటు మూయించండి!"

"పోవడమేంటమ్మా, ఇక్కడే ఉన్నారు కదా," అన్నాడు ఆఫీసరు గుండాయన్ని చూపిస్తూ.

"ఈయన కాదు సార్! గుండు! దాన్ని వదలొద్దు!"

గుమ్మం దగ్గరున్న గేటు కాపలావాడికి ఆ చివరి మాట వినిపించింది. చటుక్కున వచ్చి గుండాయన చొక్కా పట్టుకున్నాడు. "నాకు తెలుసు, నాకు ముందే తెలుసు," అని పెళ్లాం కుర్చీలో కూలబడింది.

"గాజుపెట్టెలో గుండు సార్!" అని టీచరమ్మ అరిచింది. "పోలీసులకి ఫోన్ చెయ్యండి!"

ఆఫీసరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "పోలీసులొద్దు! అసలు దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు!" అంటూ అందరికంటే ముందు తానే పరిగెత్తాడు. వెనక టీచరమ్మ, ఆవిడ వెనక చొక్కా వదలని కాపలావాడూ గుండాయనా, వాళ్ల వెనక తేల్చుకుందామని పెళ్లాం, అందరి వెనకా ఇంకా గుండు మీంచి కన్ను తియ్యని డ్రైవరు పెద్దాయన.

స్టేషన్ మాస్టరు గదిలో ఆ మనిషి దొరికాడు. గాజుపెట్టె మూత తెరిచి ఉంది. చేతిలో ఇనుప గుండు.

"దొంగ!" అంది టీచరమ్మ.

"తియ్యట్లేదమ్మా," అన్నాడాయన. "పెడుతున్నా."

అప్పుడు టీచరమ్మ పెట్టెలోకి చూసింది. అందులో గుండు అలాగే ఉంది. "ఒకటిలోంచి ఒకటి తీసేస్తే సున్నా మిగలాలి. ఇక్కడ రెండొచ్చాయేంటి?"

"సంచిలోది నకిలీ అయ్యుంటుంది, మనది అసలుది," అన్నాడు ఆఫీసరు గబగబా. "అయిపోయింది, ఇక పదండి, పదండి!"

ఆ తొందర టీచరమ్మకి నచ్చలేదు. దగ్గర చీటీ ఉన్నవాడే బెల్లు కొట్టకముందు పేపరిచ్చి పోతానంటాడు. ఆవిడ జడలోంచి పిన్ను తీసి గాజుపెట్టెలోని గుండు మీద నల్లరంగు గీకింది. లోపలినుంచి అక్షరాలు బయటపడ్డాయి: నాలుగు కేజీలు.

"ఇది షాట్‌పుట్ సార్. మా స్కూలు ఆటల గదిలో ఇలాంటివి ఆరుండేవి."

ఆఫీసరు తల దించుకున్నాడు. "ప్రారంభోత్సవం రేపనగా గుండు ఎక్కడా దొరకలేదమ్మా. ఖాళీ పెట్టె చూపిస్తే బాగోదని ఆటసామాన్ల కొట్లో..."

"రెండేళ్లుగా దీన్ని ఎత్తి చూపిస్తున్నానయ్యా!" అన్నాడు డ్రైవరు పెద్దాయన. "ఇంత బరువుండేది కాదే అనుకుని, పోనీలే, ముసలితనం అని సరిపెట్టుకున్నా."

ఆయన ఆ రెండో గుండు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, గుండు మీద చెక్కిన స్టేషను పేరు బొటనవేలితో తడిమాడు. తరవాత పక్కనున్న బల్ల మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఇది నీకెక్కడిది?" అని అడిగాడు.

"మా నాన్నగారు ఆ స్టేషన్లో మాస్టరుగా చేశారండీ. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒకరోజు పాసింజరు వచ్చింది..."

"వానలో వచ్చింది. మధ్యాహ్నం," అన్నాడు డ్రైవరు. "ఆ బండి నాదే."

కాపలావాడు గుండాయన చొక్కా వదిలేశాడు.

"తోలుసంచిలో గుండు పెట్టి మీ నాన్న చేతికిచ్చా. ఖాళీ సంచి ఇచ్చానని ఆయన రాశాడు. అక్కణ్ణించి బళ్లన్నీ ఆగిపోయాయి. విచారణలో ఆయన మాటే నిలబడింది. నన్ను బండి దింపేసి ఏడాది పాటు షెడ్డులో ఇంజన్లు కడిగించారు. అబద్ధం రాశాడని మీ నాన్నని తిట్టుకోని రోజు లేదు."

"ఆయన అబద్ధం రాయలేదండీ. సంచి బల్ల మీద పెట్టి కిటికీ దాకా వెళ్లొచ్చారు. తెరిచేసరికి ఖాళీ. తీసింది నేను."

"ఎందుకురా?"

"గోళీలాటకండీ. అంత పెద్ద గోళీ ఉంటే నన్నెవరూ ఓడించలేరనుకున్నా. తీరా పెద్దవాళ్లు అరుచుకుంటుంటే భయమేసి బొగ్గుల్లో దాచేశా, తరవాత ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశా. పోయినేడు నాన్న మంచంలో ఉన్నప్పుడు చెప్పాను. 'ఆ మనిషిని నేను దొంగని చేశాన్రా, వెళ్లి ఇచ్చెయ్' అన్నారు. ఎవరికివ్వాలో తెలీలేదు. చేతికివ్వాలంటే మొహం చెల్లలేదు. గుట్టుగా పెట్టి పోదామంటే మూడు వారాల్నించి ఈ అమ్మగారు వదిలితేగా!"

డ్రైవరు పెద్దాయన తల వంచాడు. భుజాలు కదలసాగాయి. ఏడుస్తున్నాడనుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆయన నవ్వుతున్నాడు. "గోళీలాటకా! నా ఏడాది గోళీలాటకా!" అని నవ్వి నవ్వి, ఆఖరికి నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

"నేను ముందే సరిగ్గా అడిగి ఉండాల్సింది," అంది టీచరమ్మ ఆ మనిషితో చిన్న గొంతుతో. "సంచిలో ఏముందని."

"అడిగారండీ. మూడు వారాల్లో పదిసార్లు."

పెద్దాయన లేచి, గోడకి తగిలించిన పాత తోలుసంచి తీసి, అందులో గుండు పెట్టి, బండి మీద నిలబడ్డట్టు నిటారుగా నిలబడి చాచాడు. "మీ నాన్న తరఫున తీసుకో. ఈసారి సంచి తెరిచి చూసుకుని మరీ తీసుకో."

ఆ మనిషి రెండు చేతులా అందుకున్నాడు. తెరిచి చూశాడు. తండ్రి చేసినట్టే గుండుని యంత్రం నోట్లో వేశాడు. అది లోపల ఎక్కడికో గుడగుడా దొర్లి, ఠక్కున ఆగింది.

"అయ్యయ్యో!" అన్నాడు ఆఫీసరు. "దాన్ని మళ్లీ బయటికి తియ్యడం ఇక్కడ ఎవరికీ రాదండీ!"

చేసేది లేక షాట్‌పుట్‌నే మళ్లీ గాజుపెట్టెలో పెట్టారు. టీచరమ్మ బ్యాడ్జి సంగతి ఆఫీసరు ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా ఎత్తలేదు. గుండాయన వెళ్తూ వెళ్తూ అభిప్రాయాల పుస్తకం అడిగి, "చాలా బాగుంది. ఈసారి టోపీ పెట్టుకుని వస్తాను" అని రాశాడు. దాని కింద ఆయన భార్య, "నేనూ వస్తాను, కనిపెట్టి ఉంటాను" అని రాసింది.

డ్రైవరు పెద్దాయన మాత్రం చూడ్డానికి పెట్టిన పాత రాకపోకల రిజిస్టరు తెరిపించాడు. గుండు ముట్టినట్టు రాసి, ఆనాటి తేదీ చెప్పి, ఎంత ఆలస్యమో లెక్క కట్టమని టీచరమ్మనడిగాడు. ఆవిడ నలభై ఆరేళ్ల రెండు నెలల పదకొండు రోజులని చెప్పింది. ఆలస్యానికి కారణం రాయాల్సిన గడి మరీ చిన్నది కావడంతో, ఆయన అందులో 'పిల్లాడు' అని మాత్రం రాసి, పక్కన ఆ యాభై అయిదేళ్ల మనిషి చేత సంతకం పెట్టించుకున్నాడు.