కూర్మ దక్షిణహస్త విజయము

పొగగొట్టముల ధూమస్తోమముచే నాలుగు దిక్కులును నలుపెక్కి, నవంబరు మాసపు సన్నజల్లు గొడుగులను లెక్కచేయక కోటు మెడలలోనికి దూరుచుండగా, ఉన్నిబట్టల కార్ఖానాలకు పుట్టినిల్లయిన లీడ్స్ మహానగరమున, పందొమ్మిదివందల డెబ్బదినాలుగవ యేట, ఒకానొక గురువారమునాడు, పగలు పన్నెండు గంటల ముప్పదియెనిమిది నిమిషములకు, ఓ తేనీటిపాత్రాధిదేవతా, పింగాణీగర్భవాసినీ, వక్రనాసికా, నీవు ఎవరి చేత వంగనని మొండికేసితివో, తుదకు ఎవరి చేత వంగితివో, ఆ కథ చెప్పుటకు నాకు నోరిమ్ము. రాజుల యుద్ధములు చెప్పువారు చెప్పుకొందురు గాక. ఇది కప్పునకును సాసరునకును నడుమ జరిగిన యుద్ధము.

ఆ నగరమున ఒక టెలివిజను స్టూడియో కలదు. అందు పిల్లల కొఱకు తయారై ప్రతి మంగళవారము సాయంత్రము ప్రసారమగు బొమ్మలాట పేరు ‘మిస్టర్ ప్లమ్లీ పెరడు’. ప్లమ్లీ యనగా ముసలి తాబేలు. పచ్చని ఫెల్టుగుడ్డ చర్మము, అట్టతో చేసిన డిప్ప, ముక్కుమీద కళ్ళజోడు, చేతులకు ఊలు తొడుగులు. నాడు పాలసముద్రమున మందరపర్వతమును మోసిన కూర్మము ఒకటి, నేడు దేశములోని పిల్లలందరి సాయంకాల భోజనవేళను వీపున మోయుచున్న కూర్మము ఇది యొకటి. ఆ మొదటిదానిలోపల ఎవరును లేరు. దీనిలోపల ఇద్దరు.

మొదటివాడు డెస్మండ్ క్రాఫ్టన్. తాబేటి తల, నోరు, గొంతు, ఎడమచేయి ఈయన సొత్తు. కూర్మకంఠాభరణుడు, ఊరవేసిన ఉల్లిగడ్డల పరిమళమును నిశ్వాసమాత్రముననే దిక్కులకు పంచువాడు, ఆత్మస్తోత్రపారాయణధురంధరుడు, పదకొండేండ్లుగా బల్లక్రింద కూర్చుండియు తాను బల్లపైననే యున్నానని నమ్మిన మహానుభావుడు. రొట్టెల దుకాణమునకు పోయినను తాబేటి గొంతుతోనే అడుగునని, ఎవరును గుర్తుపట్టనిచో రెండవసారి ఇంకొంచెము గట్టిగా అడుగునని ప్రతీతి.

రెండవది డోరీన్ ఆక్రాయిడ్. ఇరువదిరెండేండ్ల పిల్లతల్లి. పదిహేనవయేట బడి మానిపించగా కోట్ల కార్ఖానాలో చేరి, ఏడేండ్లు బొత్తాముల కాజాలు కుట్టి, ఆ పని వదలుకొని ఇక్కడికి వచ్చి నేటికి నాలుగవ దినము. ప్లమ్లీ కుడిచేయి మాత్రమే ఈమెది. అది చేయుటకు డెస్మండు వీపునకు బల్లివలె అంటుకొని, మోకాళ్ళపై నిలిచి, ఆయన కుడిచంక క్రిందుగా తన చేయి పైకి చాపవలెను. ఆ చంకను గురించి చెప్పుట కావ్యమర్యాద కాదు.

మూడేండ్ల కూతురు గిలియన్ అప్పటికే “మా అమ్మే తాబేలు” అని వీధి వీధంతయు చాటివచ్చినది. అది ఒక్కటే చాలును ప్రాణము తీయుటకు. ఏలయన డోరీనుకు ఈ పని ఇంకను ఖాయము కాలేదు. నాలుగు దినముల పరీక్ష నేటితో సరి. చేయి కుదరనిచో ఆ చోటు డెస్మండు మేనకోడలు ఫిలిప్పాది. ఆ సుకుమారి అప్పుడే గోడవార కుర్చీ వేసికొని, అదనముగా నున్న తాబేటి చేతితొడుగును తొడుగుకొని, తన గోళ్ళ రంగునకు అది నప్పునో లేదో చూచుకొనుచుండెను.

ఇక సాధింపవలసిన ఘనకార్యము. ప్లమ్లీ కుడిచేత టీపాత్ర నెత్తి, కప్పులో టీ పోసి, “ఇప్పుడు సుఖంగా ఉంది” అనవలెను. అంతే. ఆ అంతే అన్నదానికి ఎదురుగా రెండు శత్రుసైన్యములు మోహరించి యుండెను. మొదటిది, బొమ్మ ఎట్లు కదలుచున్నదో చూచుకొనుటకు నేలమీద పెట్టిన చిన్న టెలివిజను పెట్టె. అద్దము ముందు చేయి కుడికి కదిపినచో అద్దములోను కుడికే కదలును. పుట్టినది మొదలు అద్దమే ఎరిగినవారికి, ఈ పెట్టెలో అదే చేయి ఎడమవైపు కదలునన్న సంగతి బుద్ధికి తెలిసినను చేతికి తెలియదు. రెండవ శత్రువు గడియారము. ఒంటిగంట కొట్టినంతనే దీపములవారు దీపములార్పి భోజనమునకు పోవుదురు. సాక్షాత్తు రాణిగారే వచ్చి నిలబడినను ఆ వేళ దాటి దీపము వెలుగదు. భోజనములైన పిమ్మట ఆ గది సంతవార్తలలో పందుల ధరలు చదువువారిది.

అంతట దర్శకురాలు మిస్ ఫెన్విక్ పైనున్న గాజుగదినుండి మైకులో సెలవిచ్చెను. డోరీన్ పెట్టెలోనికి కన్నులప్పగించి, వక్రనాసికాలంకృతమైన ఆ భాండమును రథమువలె నడిపి, కుడికి అనుకొని ఎడమకును, ఎడమకు అనుకొని ఇంకను ఎడమకును పోనిచ్చి, చల్లారిన టీని ధారాపాతముగా, బొమ్మ పైకి లేచుటకు బల్లలో కోసిన రంధ్రమున వంపెను. ఆ రంధ్రమునకు సరిగా క్రింద డెస్మండు బట్టతల కలదు.

“ఆపండి,” అన్నది మిస్ ఫెన్విక్.

“నా తలమీద పోసింది,” అన్నాడు డెస్మండ్. “వింటున్నారా మిస్ ఫెన్విక్? నా తలమీద. కప్పు ఎటుందమ్మాయ్?”

“కుడివైపండి.”

“మరి నువ్వెటు పోశావ్?”

“కుడివైపే అనుకున్నానండి. పెట్టెలో చూస్తే ఎడమకి పోతోంది.”

“అయితే పెట్టెదే తప్పు. ఊరందరిళ్ళల్లో ఉన్న పెట్టె తప్పు, కాజాలు కుట్టుకునే ఈ మహాతల్లి రైటు.”

దీపముల మీటల ప్రక్క ఎత్తు బల్లమీద కూర్చున్నవాడు విల్ఫ్. దీపాలవారికి పెద్ద. ముప్పదియేండ్లలో ఒక్కనాడును భోజనమునకు ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయని వ్రతపాలకుడు. చేతిగడియారము చూచి, “అయ్యగారికి ఈ వారం స్నానం కూడా అయిపోయింది. పన్నెండూ నలభై నాలుగు,” అన్నాడు.

రెండవ దండయాత్ర ఆరంభమయ్యెను. ఈసారి డోరీన్ తన బుద్ధిని తలక్రిందులు చేసి, ఎటు పోవలెననిపించునో దానికి ఎదురుగా పోయి, టీపాత్రను కప్పునకు సరిగా పైన నిలిపెను. ఆ క్షణమున వంచియున్నచో కార్యము సిద్ధించెడిదే. కాని కూర్మకంఠాభరణుడు ఊరకుండవలెను గదా. చెప్పవలసిన ఒక్క మాటను పక్కనబెట్టి వానను గురించియు, తన మోకాలి వాతమును గురించియు, పోస్టుబంట్రోతు కుక్కను గురించియు, ఆ కుక్క తల్లిని గురించియు ప్లమ్లీ గొంతుతో కథాకాలక్షేపము మొదలిడెను. ఆ మాటలు ఆగినగాని కెమెరా కప్పువైపు తిరుగదు. తిరిగినగాని పోయరాదు. రెండు నిమిషములు గాలిలో నిలిచిన చేయి మొదట బరువెక్కెను, పిదప మొద్దుబారెను, పిదప వణకెను. కుక్కతల్లి మరణించు ఘట్టమున టీపాత్ర మూత జారి సాసరులో పడి పగిలెను.

“చూశారా?” అన్నాడు డెస్మండ్. “కథ మంచి పట్టులో ఉండగా.”

“ఇంకో మూత తెచ్చేసరికి పన్నెండూ యాభై మూడవుద్ది,” అన్నాడు విల్ఫ్. “మా ఆవిడ పంది మాంసం కూరిన పై రొట్టె కట్టిచ్చింది. చెప్తున్నానంతే.”

డోరీన్ ఆయన వీపుతోనే మాటలాడెను. “క్రాఫ్టన్ గారూ, కాగితంలో అదంతా లేదు కదండీ. ఒక్క మాటే ఉంది. అదీ టీ పోశాక. అప్పటిదాకా మీరాగితే నేను పోసేస్తాను.”

ఆ పలుకు చెవిసోకగనే డెస్మండు, సాలెగూడు తగులుకొన్న సింహమువలె, ఇరుకు బల్లక్రింద లేవబోయి తల కొట్టుకొని, మరల కూర్చుండి, ఇట్లు గర్జించెను.

“కాగితమా? కాగితంలో ఉన్నది చదవడానికి డెస్మండ్ క్రాఫ్టన్ దేనికి, దారిన పోయేవాణ్ణి పిలిచి చదివించుకోండి. ఈ దేశంలో ప్రతి పిల్లా పక్కమీద పడుకుని తలుచుకునే గొంతు ఇది. ఒకసారి బల్ల విరిగి నా కాలిమీద పడింది. అరిచాను. ఎలా అరిచానో తెలుసా? తాబేలు అరిచినట్టే అరిచాను. కెమెరా ముందు ఈ పదకొండేళ్ళలో బొమ్మ నోరు కదలకుండా నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నువ్వు చేతివి అమ్మాయ్. చేతికి నోరుండదు. గుర్తుంచుకో.”

“బాగా గుర్తుంటుంది,” అన్నాడు విల్ఫ్. “యాభై ఐదయింది.”

మైకు గరగరలాడెను. “డోరీన్, ఇంకొక్కసారికే టైముందమ్మా. ఈసారీ కుదరకపోతే టీ సీను తీసేస్తాను. రేపటి నుంచి ఫిలిప్పా చేస్తుంది. నీమీద కోపమేం లేదు.”

“అలాగేనండి,” అన్నది డోరీన్.

కోపము లేనివారే పనిలోనుండి తీసివేతురు. కోపమున్నవారు నాలుగు తిట్టి ఉండనిత్తురు. ఈ సంగతి కార్ఖానాలో ఏడేండ్లున్నదానికి వేరుగా చెప్పవలెనా? అక్కడి కుర్చీలో ఈపాటికి వేరొకతె కూర్చుండి కుట్టుచుండును. ఇంటికి పోయి ‘అమ్మ ఇక తాబేలు కాదు’ అని ఆ మూడేండ్లదానికి ఏ నోటితో చెప్పుట? వీధిలో దానిని చూచి పిల్లలు ఏమందురు? పొద్దున దానికి ఊలుబనియను వేసితినా, వేయలేదా? ఇట్టి ఆలోచనాసహస్రము శరపరంపరగా వచ్చి తగులుచుండగా ఆ వీరమాత తొడుగు సవరించుకొని, మోకాళ్ళు నేలకు తన్నిపట్టి, మూడవమారు యుద్ధరంగమున చేయి ఎత్తెను.

పన్నెండు గంటల యేబదియెనిమిది. విల్ఫు లేచి నిలబడి మీటమీద చేయి వేసెను. ప్లమ్లీ తల ఎత్తి, గొంతు సవరించుకొని, “నేను కుర్రతాబేలుగా ఉన్న రోజుల్లో...” అనెను.

ఆ కథ డోరీనుకు తెలియును. సోమవారము విన్నది. అది నాలుగు నిమిషముల కథ.

అప్పుడు జరిగినది వినుడు. బడి మధ్యలో మానినదియు, మాట్లాడుటకు అనుమతి లేనిదియు, గడచిన నాలుగు దినములుగా ఒకరి చంకక్రింద ఊపిరి బిగబట్టి బ్రదికినదియు నగు ఆ ఇల్లాలు, కుడియెడమల మాయజేసి తన్ను వంచించిన ఆ పెట్టెను ఇక చూడనని నిశ్చయించుకొని గట్టిగా కన్నులు మూసికొని, ఊలుతొడుగు వ్రేళ్ళతో బల్లగుడ్డ తడిమి, పళ్ళెము తడిమి, పళ్ళెములో అరచేతి వెడల్పున కాల్చిన వెన్నబిస్కెట్టు నొకదానిని పట్టి, కుర్రతనపు కథలకై తెరచుకొన్న ఆ కూర్మముఖగహ్వరమున డెస్మండు వ్రేళ్ళ సందులోనికి దిగునట్లు నిలువున దిగగొట్టెను.

నోరు మూతపడలేదు. తెరచుకొనలేదు. బిస్కెట్టు పట్టుకొన్న దవడ కదలదు, దవడ కదలక మాట వచ్చినచో బల్లక్రింద మనిషి కలడని పసిపిల్లలకెల్ల తెలిసిపోవును. పదకొండేండ్ల ప్రతిజ్ఞ ఆయన గొంతులోనే చిక్కుపడెను. సోమవారము నుండి మొదటిసారిగా ఆ బల్లక్రింద నిశ్శబ్దము వినిపించెను. తాబేలు దిగ్భ్రమతో తన కుడిచేతివైపు తిరిగి చూచెను.

కుడిచేయి తన పని తాను చూచుకొనెను. టీపాత్ర చెవి పట్టెను. ముక్కును కప్పు అంచునకు తాకించెను. టిక్కుమనెను. ఇక కన్నులతో పనిలేదు. కెమెరా కప్పువైపు తిరిగిన సందడి వినబడగనే వంచెను. ఖాళీ కప్పున పడు ధారకు ఒక మ్రోత, నిండుచున్న కప్పున పడు ధారకు ఇంకొక మ్రోత. ఇంట వేయి కప్పులు నింపిన తల్లికి ఆ మ్రోత తెలియదా? మ్రోత సన్నబడెను. ఆపెను. టీపాత్రను దింపెను. అంతటితో విడువక బిస్కెట్టును నోటినుండి ఊడబెరికి, టీలో ముంచి, తిరిగి నోటికి అందించుటకు సిద్ధముగా గాలిలో పట్టుకొని నిలిచెను.

డెస్మండు దానిని చూచెను. పెట్టెలోనే చూచెను. మాట పొడిగించినచో అది మరల లోనికి వచ్చును.

“ఇప్పుడు సుఖంగా ఉంది,” అన్నాడు పండ్లు పటపటలాడించుచు. ముసలి తాబేటి గొంతు అంత సహజముగా అదివరకెన్నడును పలికియుండలేదు.

“చాలు. కట్,” అన్నది మిస్ ఫెన్విక్.

ఒంటిగంట కొట్టెను. దీపములారెను.

చీకటిలో డెస్మండ్ గొంతు వినవచ్చెను. “నా నోట్లో బిస్కెట్టు కుక్కింది. అందరూ చూశారు. నా నోట్లో.”

“పదకొండేళ్ళుగా ఎవరికీ తట్టలేదేంటా అని చూస్తున్నాం,” అన్నాడు విల్ఫ్, పై రొట్టె పొట్లము విప్పుకొనుచు.

మైకు మరల పలికెను. “బిస్కెట్టుతో సహా మొత్తం ఉంచుతున్నాను. డోరీన్, రేపు తొమ్మిదిన్నరకి వచ్చెయ్. ఫిలిప్పా, ఆ తొడుగు తీసి పెట్టెలో పెట్టమ్మా.”

“వస్తానండి,” అన్నది డోరీన్. బల్లక్రిందినుండి వెలుపలికి ప్రాకుటకు ఆమెకు రెండు నిమిషములు పట్టెను.

కావున ఓ జనులారా, లీడ్స్ నగరమున, ఒక తాబేటి కుడిచేత, ముప్పాతిక కప్పు టీ, చల్లనిది, చక్కెర లేనిది, ఎవరును త్రాగనిది, కప్పులోనే పోయబడెనని తెలిసికొనుడు. సాసరులో ఒక్క చుక్క లేదు. పట్టి చూచినవారున్నారు.